వెంట్రుక తెగాలి, చర్మం మిగలాలి

1769లో పారిస్‌లో ఒక పుస్తకం వెలువడింది. రాసినవాడు జాన్-జాక్ పెర్రె, కత్తుల తయారీలో చేయితిరిగిన పనివాడు. ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడం ఎలా నేర్చుకోవాలన్నది ఆ పుస్తకం విషయం. కత్తులు నూరే రాళ్ల గురించీ, కత్తులను తిప్పే తోలు పట్టీల గురించీ కూడా అందులో వివరించాడు. గడ్డం గీయడం ఎక్కువగా క్షురకుల చేతిలో ఉన్న ఆ రోజుల్లో, ఒక వృత్తి నైపుణ్యాన్ని మామూలు మనిషి చేతికి అందించాలని పూనుకున్న ఆ మనిషి మీద నాకు గౌరవం. అంతటితో ఆగలేదు. వడ్రంగి చిత్రికలో ఇనుప అలుగు కొద్దిగా మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఆ పద్ధతిని చూసి కత్తికి ఒక తొడుగు చేశాడు. వాదర చర్మానికి తగులుతుంది, లోతుకు మాత్రం దిగదు. 135 ఏళ్ల తర్వాత, 1904లో, అమెరికాలో కింగ్ జిల్లెట్ పేటెంటు పొందిన సేఫ్టీ రేజర్‌లోనూ వాదరకు ఇలాంటి కాపే ఉంటుంది.

ఆ తొడుగు ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే ఈ అధ్యాయం మొత్తం అందులో ఉంది. వెంట్రుకా, చర్మపు పైపొరా రెండూ కెరటిన్ అనే ఒకే ప్రొటీన్ కుటుంబంతో కట్టినవి. గట్టి వెంట్రుకను కోయగల వాదర మెత్తని చర్మాన్ని ఇంకా సులువుగా కోస్తుంది. ఏది తెంచాలో, ఏది వదలాలో దానికి తెలియదు. సేఫ్టీ రేజర్‌లో ఆ తెలివిని లోహపు కాపులో అమర్చి పెట్టారు. మడత కత్తిలో అలాంటి ఏర్పాటేదీ లేదు. వెంట్రుకకూ చర్మానికీ మధ్య ఉన్న కొద్దిపాటి భౌతికమైన తేడాలను నీటితో, కోణంతో, వేళ్ల లాగుడుతో పెంచి, ఆ తేడా నిలిచినంతసేపే కత్తిని నడపాలి. కొత్తగా కత్తి పట్టినవాళ్లు నేర్చుకోవలసింది ఇదే.

ముందు వెంట్రుకను చూద్దాం. గడ్డం వెంట్రుక మందం ఇంచుమించు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రోజుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. పైన పెంకులు కప్పినట్టు పొలుసుల పొర, దాని లోపల పొడవునా కెరటిన్ పోగులు. 1951లో లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ, హెర్మన్ బ్రాన్సన్ ప్రతిపాదించిన ఆల్ఫా హెలిక్స్ అనే మెలిక ఈ పోగుల్లో ఉంటుంది. మెలికలను పట్టి ఉంచే బంధాలు ముఖ్యంగా రెండు రకాలు. గంధకం పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు నీటికి లొంగవు. హైడ్రోజన్ బంధాలు లొంగుతాయి. నీటి అణువులు లోపలికి చొరబడి ఆ బంధాల చోటు తామే ఆక్రమిస్తాయి. దాంతో పోగులు ఒకదాని మీద ఒకటి జారడం మొదలై, వెంట్రుక పొడిగా ఉన్నప్పటి కంటే చాలా తక్కువ బలానికే తెగుతుంది.

తడిసిన వెంట్రుక అడ్డంగా ఉబ్బినంతగా పొడవు పెరగదు. మందం సుమారు 15 శాతం పెరిగితే, పొడవు 2 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ చిన్న పెరుగుదలనే ఆధారం చేసుకుని జెనీవా శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ 1783 నాటికి మనిషి వెంట్రుకతో గాలిలోని తేమను కొలిచే సాధనాన్ని తయారుచేసి వివరించాడు. ఆ తర్వాత చాలాకాలం వాతావరణ కేంద్రాల్లో తేమ లెక్కలు వెంట్రుకల మీదనే నడిచాయి. మన ముఖం మీద అంత సున్నితమైన పరికరాలు వేల సంఖ్యలో ఉన్నాయన్న మాట.

కాబట్టి కత్తి ముట్టుకునే ముందు జరిగే పనే అసలు పని. ముఖాన్ని సబ్బుతో కడిగితే వెంట్రుకల మీది జిడ్డు పోయి నీటికి దారి దొరుకుతుంది. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో తడిగా ఉంచితే మెత్తబడడం చాలావరకు పూర్తవుతుంది. ఉదయం హడావిడిలో కొత్తవాళ్లు దాటేసేది సరిగ్గా ఈ రెండు నిమిషాలనే. అలాగని ఇరవై నిమిషాలు నానబెడితే మరీ మంచిదా అంటే, కాదు. చర్మపు పైపొర కూడా కెరటినే కదా, అదీ నీరు పీల్చి ఉబ్బుతుంది, వదులవుతుంది, వాదరకు సులువుగా దొరుకుతుంది. వెంట్రుక మెత్తబడి, చర్మం ఇంకా బిగువు తప్పని వేళలోనే కత్తి ఎత్తాలి.

నురుగు చేసే పని ఆ తడిని ఆరనివ్వకపోవడం. గడ్డం సబ్బుల్లో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ. దాన్ని పొటాషియం క్షారంతో కలిపి చేసిన సబ్బు మెత్తగా, చిక్కగా, తొందరగా విరగని నురుగునిస్తుంది. ఆ బుడగల గోడల్లోని నీరు వెంట్రుకను తడిగా ఉంచుతుంది, వాదరకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా నిలుస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో నురుగు సరిగా రాదని చాలామంది అంటారు. అది నిజమే. కఠిన జలంలోని కాల్షియం స్టియరేట్‌తో కలిసి కరగని తెట్టుగా మారుతుంది, సబ్బు అక్కడే ఖర్చయిపోతుంది. నురుగు కోసం మాత్రం కాచి చల్లార్చి వడకట్టిన నీళ్లో, ఫిల్టరు నీళ్లో ఒక గ్లాసు పక్కన పెట్టుకుంటే తేడా బ్రష్ తిప్పిన వెంటనే తెలుస్తుంది.

ఇక కత్తి. మడత కత్తిలో వీపు మందంగా ఉంటుంది, వాదర కంటికి కనిపించనంత సన్నం. ఆ వీపు మందానికి ఒక లెక్క ఉంది. అలుగు వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 5/8 కత్తి అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. దాని వీపు మందం నాలుగున్నర మిల్లీమీటర్లయితే వాదర దగ్గర కోణం 16 డిగ్రీలు వస్తుంది. సాన మీద నూరేటప్పుడు వీపునూ వాదరనూ రెండింటినీ రాయికి ఆనించి నడపాలి. కోణం కోసం చెయ్యి కష్టపడనక్కర్లేదు, వీపే కొలబద్ద. ఏళ్ల తరబడి నూరగా వాదర అరుగుతుంది, వీపూ అరుగుతుంది, కోణం మాత్రం ఇంచుమించు అంతే నిలుస్తుంది. షెఫీల్డ్, జోలింగెన్ పనివాళ్లు ఈ ఆకారాన్ని స్థిరపరచిన తీరు నాకు ఎప్పుడు చూసినా అబ్బురంగానే ఉంటుంది. అలుగు రెండు పక్కలా లోపలికి పల్లంగా చెక్కడం వల్ల నడిమి భాగం పలచబడి, వెంట్రుకను కోసేటప్పుడు సన్నగా మోగుతుంది. ఆ మోత సంగతి తర్వాత వస్తుంది.

బాగా పదునెక్కిన వాదర కొన మందం అర మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది. అంటే అది కోయబోయే వెంట్రుకలో రెండు మూడు వందలో వంతు. అంత సన్నని అంచు నిలవాలంటే ఉక్కులో ఒక శాతం దాకా కార్బన్ ఉండాలి. ఎర్రగా కాచి ఒక్కసారిగా చల్లార్చినప్పుడు ఏర్పడే మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణం ఉండాలి. మళ్లీ కొద్దిగా వేడిచేసి పెళుసుతనం తగ్గించాలి.

ఇక్కడ మన నేలను తలుచుకోక తప్పదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఇనుమును మూసి కాచి అధిక కార్బన్ ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు ఆ ఊరికి వచ్చేవారు. 1820ల్లో అక్కడికి వెళ్లిన హెచ్.డబ్ల్యు. వాయిసీ ఆ పద్ధతిని స్వయంగా చూసి వర్ణించాడు. ఆ వర్ణన 1832లో అచ్చయింది. దక్షిణ భారతపు ఈ మూస ఉక్కును యూరప్ వాళ్లు ఊట్జ్ అన్నారు. లండన్‌లో స్ట్రాండ్ వీధిలో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కుతో రేజర్లు చేసి, యూరప్‌లోని మేలైన ఉక్కు కంటే ఇదే తనకు నచ్చిందని తన దుకాణం కార్డు మీదనే అచ్చువేసుకున్నాడు. మైకేల్ ఫారడే 1819లో ఊట్జ్‌ను విశ్లేషించాడు, ఆపై స్టోడార్ట్‌తో కలిసి దాన్ని అనుకరిస్తూ వెండి, ప్లాటినం వంటి లోహాలు కలిపిన ఉక్కులు తయారుచేశాడు. విద్యుత్తు పరిశోధనలతో పేరు పొందకముందు ఫారడే చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి. అలా చేసిన ఉక్కుతో రేజర్లు చేయించి స్నేహితులకు కానుకగా ఇచ్చాడు కూడా. తెలంగాణ పల్లెల కొలుముల పనితనానికీ, గడ్డం కత్తి ఉక్కు మీద జరిగిన శాస్త్రీయ పరిశోధనకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మన పాఠ్యపుస్తకాలు ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇంత గట్టి ఉక్కు వెంట్రుక వల్ల ఎందుకు మొద్దుబారుతుంది? ఉక్కు వెంట్రుక కంటే సుమారు 50 రెట్లు గట్టిది. లెక్క ప్రకారం అరగడం అతి నెమ్మదిగా సాగాలి. 2020లో ఎం.ఐ.టి. పరిశోధకులు జాన్లూకా రొషోలి, మొహదెసె తాహెరీ-ముసవి, జెమ్ తాసాన్ సైన్స్ పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. రొషోలి మామూలు రేజర్‌తో తన గడ్డమే గీసుకుని, ప్రతిసారీ ఆ బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అంచు గుండ్రంగా అరిగిపోవడం కంటే చిన్న చిన్న పెచ్చులు ఊడిపోవడమే ఎక్కువగా కనిపించింది. ఆ పెచ్చు ఎలా లేస్తుందో కళ్లారా చూడటానికి మైక్రోస్కోపు లోపలే వెంట్రుకలను కోసే చిన్న యంత్రాన్ని కట్టారు. నిలువుగా, గట్టిగా నిలిచిన వెంట్రుకను కోస్తే వాదరకు ఏమీ కాలేదు. వెంట్రుక వంగి వాదరను ఏటవాలుగా తాకినప్పుడు, ఉక్కులో మెత్తని చోటూ గట్టి చోటూ కలిసే సరిహద్దు సరిగ్గా వెంట్రుక పక్కన పడినప్పుడు బలమంతా ఆ సరిహద్దులో పోగుపడి పెచ్చు లేచింది.

వాళ్లు పరీక్షించింది వాడి పారేసే రకం బ్లేడ్లు. మడత కత్తి ఉక్కు వేరు, వాదర వేరు. అయినా ఇందులో నేర్చుకునేవాడికి పనికొచ్చే మాట ఒకటుంది. సరిగా తడవని వెంట్రుక, తప్పు కోణంలో తగిలిన వెంట్రుక ముఖానికే కాదు, కత్తికీ చేటు చేస్తాయి.

కోణం అంటే చర్మం మీద కత్తి ఎంత లేచి ఉందన్నది. 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి. డిగ్రీలను కంటితో కొలవలేం కాబట్టి వీపును చూసుకోవాలి. వాదర చెంపకు ఆనినప్పుడు వీపుకూ చర్మానికీ మధ్య ఖాళీ ఆ వీపు మందం కంటే కొంచెం ఎక్కువుంటే చాలు. కత్తి మరీ పడుకుంటే వాదర వెంట్రుకను కోయకుండా వంచి లాగుతుంది. మరీ నిలబడితే గీరుతుంది, చర్మపు చిన్న చిన్న ఎత్తులన్నీ దాని కిందికి వస్తాయి. చర్మం కదలని పలక కాదు, వాదర ముందు అలలా లేస్తుంది. ఆ అల లేవకుండా రెండో చేతి వేళ్లు చర్మాన్ని గీతకు ఎదురు దిక్కుగా లాగి పట్టాలి. అలా లాగితే చర్మం చదునై, వెంట్రుకలు మొదట్లో నిటారుగా లేస్తాయి. నురుగు తడికి వేళ్లు జారుతుంటే పటికను ఒక్కసారి ముట్టుకుంటే పట్టు దొరుకుతుంది. మన సెలూన్లలో గడ్డం చేసేవాళ్ల ఎడమచేతిని గమనించండి. కత్తి పట్టిన చెయ్యి ఎంత పని చేస్తుందో ఆ చెయ్యీ అంతే చేస్తుంది.

కొత్తవాళ్లకు అయ్యే గాట్లలో లోతైనవి అదిమి నొక్కడం వల్ల కంటే పక్కకు జరపడం వల్ల అయ్యేవే. మొద్దుబారిన కత్తిని టమాటా మీద పెట్టి నొక్కితే కాయ చితుకుతుంది కాని తొక్క తెగదు. అదే కత్తిని కాస్త ముందుకూ వెనక్కూ జరిపితే చప్పున దిగుతుంది. 2012లో ఎల్. మహదేవన్, ఆయన సహచరులు హార్వర్డ్‌లో అగర్ జెల్లీని సన్నని తీగతో కోసి ఈ తేడాను కొలిచారు. తీగను నేరుగా కిందికి నొక్కితే జెల్లీ లోలోపల అంతా అణిగి బలం పంచుకుంటుంది. అడ్డంగా జరిపితే పైపొరలో సాగుడు పుట్టి, చాలా తక్కువ బలానికే చీలిక మొదలవుతుంది. చర్మం కూడా అలాంటి మెత్తని పదార్థమే. వాదర తన పొడవుకు అడ్డంగా, అంటే గీత వెళ్లే దిక్కుకే నడిచినంతసేపు చర్మం ఓర్చుకుంటుంది. వాదర వెంబడి ఒక్క మిల్లీమీటరు జారినా గాటు పడుతుంది. అనుభవం ఉన్న క్షురకులు దవడ దగ్గర కత్తిని కొద్దిగా ఏటవాలుగా తిప్పి గీస్తుంటే చూసి దాన్ని అనుకరించకండి. అది ఏళ్ల తర్వాత వచ్చే పని. అదే కారణంగా, కత్తి చర్మానికి ఆనుకుని ఉండగా చెయ్యి ఆపి మరో మాట వినడానికి తల తిప్పకూడదు. ముందు కత్తిని చర్మం నుంచి ఎత్తాలి. జారి పడుతున్న కత్తిని పట్టుకోబోకూడదు, పడనివ్వాలి.

మొదటి రోజు మొత్తం ముఖం గీయాలన్న పట్టుదల వద్దు. చెంప చదునైన చోటు, చర్మం కింద ఎముక ఆసరా ఉంటుంది. ఆ ఒక్క చోట, చెవి ముందు నుంచి దవడ దాకా, వెంట్రుక వాలిన దిక్కుకే చిన్న చిన్న గీతలు గీసి మిగతాది రోజువారీ రేజర్‌తో ముగించడం మంచిది. వాలు ఎటో తెలియాలంటే రెండు రోజుల గడ్డం మీద అరచేయి నిమిరి చూడాలి. నున్నగా జారిన దిక్కు వాలు, గరుకు తగిలిన దిక్కు ఎదురు. మెడ దగ్గర ఇది వింతగా ఉంటుంది, ఒక పక్క కిందికి, మరో పక్క అడ్డంగా, కొందరికి సుడిలా. చెంపలు అలవాటయ్యాక మెడ, ఆ తర్వాత పైపెదవి, చివరికి గడ్డం ముందుభాగం. అక్కడ వెంట్రుకలు ఒత్తు, కింద ఎముక వంపు, చదునైన వాదరకు ఆనే చోటు చాలా తక్కువ. గొంతుముడి మీద నేరుగా గీయక్కర్లేదు. చర్మాన్ని పక్కకు లాగి చదునైన చోటికి తెచ్చి గీయవచ్చు.

ఇదంతా అద్దంలో చూస్తూ చేయాలి. మన మెదడు మామూలుగా నమ్ముకునే దగ్గర-దూరం లెక్క అద్దంలో తిరగబడుతుంది. చెయ్యి ముఖం వైపు రావలసినప్పుడు కళ్లు వేరే దిక్కు చెబుతాయి. ఎడమ చెంప కోసం కుడిచెయ్యి ముఖాన్ని దాటి వస్తే అదే చెయ్యి అద్దాన్ని కప్పేస్తుంది. అందుకే రెండు చేతులతోనూ నేర్చుకోమని పాతకాలపు గురువులు చెప్పేవారు. ఎడమచెయ్యి మొదట్లో ఎంత మొరాయించినా కొన్ని వారాల్లో దారికి వస్తుంది. ఇలాంటి నేర్పు మెదడులో ఎలా నిలుస్తుందో చూపిన ప్రయోగం ఒకటి ఉంది. మూర్ఛరోగానికి 1953లో చేసిన శస్త్రచికిత్స తర్వాత హెన్రీ మొలైసన్ అనే వ్యక్తికి కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనితో అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడిపించింది. మూడు రోజుల్లో అతని చెయ్యి చక్కగా కుదిరింది. కాని ఆ పని అంతకుముందు చేసిన జ్ఞాపకమే అతనికి లేదు. చేతి నేర్పు సంఘటనల జ్ఞాపకానికి భిన్నమైన దారిలో నిలుస్తుందని అలా తేలింది. కత్తి పట్టినవాడికి ఇందులో ధైర్యం ఉంది. రోజూ కొద్దిసేపు, ఒకే చోట, ఒకే తీరుగా సాధన చేస్తే మనసు గుర్తుపెట్టుకోని వివరాలను కూడా చెయ్యి కూడబెట్టుకుంటుంది.

కళ్ల కంటే వేళ్లకూ చెవికీ ఎక్కువ తెలిసే రోజు వస్తుంది. వేళ్ల చర్మంలో లోతుగా ఉండే పసినియన్ గ్రాహకాలు సెకనుకు 200 నుంచి 300 సార్లు అదిరే కంపనాలకు బాగా స్పందిస్తాయి. పలచటి అలుగు వెంట్రుకను తాకి కోసిన ప్రతిసారీ పుట్టే అదురు పిడి దాకా వస్తుంది. చెవికి అది సన్నని కరకరలా వినిపిస్తుంది. శబ్దం ఒకే తీరుగా సాగితే కోణం సరిగా ఉన్నట్టు. ఏ మోతా లేకపోతే కత్తి నురుగును మాత్రమే తీస్తున్నట్టు. గీరిన చప్పుడైతే వీపు మరీ పైకి లేచినట్టు. కత్తిని గట్టిగా పిడికిట పట్టినవాడికి ఈ వార్తలేవీ అందవు. అందుకే వేళ్ల కొనలతో, బరువుగా కాకుండా పట్టుకోవాలి.

మన సెలూన్లలో ఇప్పుడు పాత కత్తికి బదులు బ్లేడును రెండుగా విరిచి సగం తొడిగే కత్తి వాడుతున్నారు. ఒకరి రక్తం మరొకరికి తగిలి హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి వంటివి సోకకుండా ఉండాలంటే అదే సరైన పద్ధతి. ఇంట్లో మడత కత్తి వాడేవారు దాన్ని ఒక్కరికే కేటాయించాలి, అన్నదమ్ములకైనా పంచకూడదు. నేర్చుకోవడానికి సగం బ్లేడు కత్తితో మొదలుపెట్టవచ్చు, నూరే బాధ లేదు. కాని దాని బరువు తక్కువ, బ్లేడు పదును ఎక్కువ. తప్పును అది అసలు క్షమించదు.

మడత కత్తికి ప్రతిసారీ గీసుకునే ముందు తోలు పట్టీ మీద తిప్పడం ఉంటుంది. వీపు ముందు నడవాలి, వాదర వెనక రావాలి. చివర తిప్పేటప్పుడు కత్తి వీపు మీదనే దొర్లాలి, లేకపోతే పట్టీ తెగుతుంది, వాదర చెడుతుంది. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు లోహశాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్ పదును పెట్టిన అంచులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వరసగా పరిశీలించి, క్రోమియం ఆక్సైడ్ రాసిన తోలు నూరినప్పుడు అంచు మీద లేచే ఈనెను తగ్గించి నునుపు చేస్తుందని చూపాడు. మన ఊట్జ్ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలల చారలకు వెనేడియం వంటి మూలకాల జాడలు కారణమని తన సహచరులతో కలిసి 1998లో వివరించినవాడూ ఆయనే. తోలుకు లొంగనంత మొద్దుబారినప్పుడు మాత్రం సాన అవసరం. ఆ పని మొదట్లో తెలిసినవాళ్ల చేత చేయించుకోవడం మేలు. మంచి వాదర ఎలా ఉంటుందో ఒకసారి ముఖానికి తెలిస్తే, తర్వాత మనం నూరినది కుదిరిందో లేదో ముఖమే చెబుతుంది.

వాలుకు ఒకసారి గీశాక ఇంకా నున్నగా కావాలంటే మళ్లీ నురుగు రాసి అడ్డంగా గీయవచ్చు. ఎదురు గీత విషయంలో నా మాట, మొదటి నెలల్లో దాని జోలికి పోవద్దని. ఉంగరాల వెంట్రుకలున్నవారు ఎప్పుడూ మానుకోవడమే మంచిది. చర్మం మట్టం కంటే కిందికి తెగిన వంపు వెంట్రుక పెరిగేటప్పుడు బయటికి రాకుండా చర్మంలోకే గుచ్చుకుని, ఎర్రని పొక్కులుగా తేలుతుంది. చిన్న గాట్లకు తడి పటిక చాలు, అందులోని అల్యూమినియం లవణం రక్తంలోని ప్రొటీన్లను గడ్డకట్టించి రంధ్రాన్ని మూస్తుంది. చివరిగా కత్తిని కడిగి, వీపు వైపు నుంచి వాదర వైపుకు మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మడవాలి. అర మైక్రాన్ అంచును తుప్పు తినడానికి ఒక రాత్రి తేమ సరిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు అలుగుకు ఒక చుక్క మినరల్ ఆయిల్ రాసి పెట్టుకోవాలి.